చేప కింద కొట్టే బాణం

భద్రాచలం, చింతూరు, కుంట దాటి సుక్మా వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే తగులుతుంది ఎర్రబోరు. బయటి విలేకరులు అక్కడ ఆగేది సాధారణంగా ఒకే ఒక్క కారణంతో. 2006 జులై 17న తెల్లవారకముందే అక్కడి సల్వాజుడుం సహాయ శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి గుడిసెలు తగలబెట్టారు. పిల్లలతో సహా ముప్పై మందికి పైగా చనిపోయారు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఆ ఊళ్లో ఎవరు మిగిలారు, ఏం గుర్తుంది అని రాయడానికి వెళ్లాను. రెండు రోజులు తిరిగాక నోట్‌బుక్‌లో రెండు కథలు తేలాయి. ఒకటి పోలీసు స్టేషన్ వైపు కూర్చున్నవాళ్లది, మరొకటి అడివి వైపు చూస్తూ మాట్లాడినవాళ్లది. ఎవరి కథలో వాళ్ల లెక్క సరిగ్గా సరిపోతోంది. మా వృత్తిలో ఇలాంటప్పుడు వాడుకునే ఒక వాక్యం ఉంది: ఇరుపక్షాల వాదనలోనూ నిజముంది. రాయడానికి సులువు, అచ్చు వేయడానికి క్షేమం. నాకెందుకో ఆ వాక్యం ఎప్పుడూ మింగుడుపడదు.

మూడో రోజు పొద్దున ఆ కథలకు దూరంగా శబరి ఒడ్డుకు వెళ్లాను. వేసవి మొదలు. నీళ్లు పలచగా, అడుగున రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. ఒక పెద్దాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి వెదురు విల్లుతో చేపలు కొడుతున్నాడు. ఒడ్డున ఆయన మనవడు, ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. చేప కనపడుతోంది, బాణం మాత్రం దానికి బెత్తెడు కిందికి వెళ్తోంది, అయినా చేప పడుతోంది. ఎలా అని అడిగాను.

''అది ఉన్నకాడ కనపడదు సారూ. కనపడ్డకాడ కొడితే బాణం నీళ్ల పాలే'' అన్నాడాయన.

మనవడు ఊరుకోలేదు. ''వక్రీభవనం'' అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. నేను తలూపాను. ఇంటర్‌లో హెచ్.ఇ.సి., ఆ తర్వాత రాజనీతి శాస్త్రం చదివినవాణ్ని, ఆ మాట వరకూ నాకూ తెలుసు. కుర్రాడు అక్కడితో ఆగి ఉంటే నేనీ కాలమ్ రాసేవాణ్ని కాదు. ''మరి సారూ, నీళ్లు వెలుగును వంచినయ్ కదా. వంచినందుకు నీళ్లకు దెబ్బ తగలదా?'' అని అడిగాడు.

పరిగెత్తే ఎద్దును ముకుతాడు పట్టి మళ్లిస్తే పట్టినవాడి భుజం లాగేస్తుంది. కాంతిని మళ్లించిన నీటి సంగతేమిటి? నాకు జవాబు తెలియలేదు. విశాఖపట్నంలో భౌతిక శాస్త్రం చెప్పే మిత్రుడికి కుంట వచ్చాక ఫోన్ చేశాను. అతను కాసేపు నవ్వి, ''ఆ కుర్రాడు అడిగిన దాని మీద భౌతిక శాస్త్రవేత్తలు వందేళ్లు కొట్టుకున్నారు'' అన్నాడు.

కాంతికి బరువు లేకపోయినా తోపు ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని ద్రవ్యవేగం అంటారు. తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే ఎందుకు తిరిగి ఉంటుందని కెప్లర్ నాలుగు వందల ఏళ్ల కిందటే ఆలోచించి, ఎండ నెడుతోందేమోనన్నాడు. మాక్స్‌వెల్ 1873లో దానికి సూత్రం ఇచ్చాడు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో మాస్కోలో లెబెదెవ్, అమెరికాలో నికోల్స్, హల్ ఆ తోపును ప్రయోగశాలలో కొలిచారు. 2010లో జపాన్ ఐకరోస్ అనే వ్యోమనౌకను తెరచాపకు తగిలిన ఎండతోనే అంతరిక్షంలో నెట్టించింది. తోపు ఎంతో తెలుసుకోవాలంటే మన పొలంలో నిలబడితే చాలు. నడినెత్తి ఎండ ఎకరం నేల మీద పడి పూర్తిగా ఇంకిపోతే, దాని మొత్తం తోపు ఒకటిన్నర గ్రాముల బరువుకు మించదు. అంత స్వల్పం. కానీ సున్నా కాదు, పేచీ అంతా అక్కడే.

శూన్యంలో లెక్క సులువు. కాంతి శక్తిని కాంతి వేగంతో భాగిస్తే దాని ద్రవ్యవేగం వస్తుంది. ఆ కాంతి నీళ్లలోకి దిగితే? ఇక్కడ రెండు సమాధానాలున్నాయి. బయట కాంతి చేతిలో వంద రూపాయల ద్రవ్యవేగం ఉందనుకోండి. ఒక లెక్క ప్రకారం నీళ్లలోకి వెళ్లాక అది 133 రూపాయలవుతుంది. ఇంకో లెక్క ప్రకారం 75కి పడిపోతుంది. దశాంశ స్థానాల్లో తేడా కాదిది. ఒకరు పెరిగిందంటారు, మరొకరు తగ్గిందంటారు.

పెరిగిందన్నవాడు హెర్మన్ మింకోవ్‌స్కీ. ఐన్‌స్టీన్‌కు జూరిక్‌లో గణితం చెప్పిన గురువు. తగ్గిందన్నవాడు మాక్స్ అబ్రహాం, ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని చివరిదాకా ఒప్పుకోని మొండిమనిషి. మింకోవ్‌స్కీ పత్రం 1908లో అచ్చయింది. 1909 జనవరిలో అపెండిసైటిస్‌తో నలభై నాలుగేళ్లకే ఆయన చనిపోయాడు. అబ్రహాం తన లెక్క ప్రచురించింది ఆ ఏడాదే. కాబట్టి ఇద్దరి పేర్లతో నూరేళ్లు నడిచిన ఈ వివాదంలో ఆ ఇద్దరూ ముఖాముఖి వాదించుకునే అవకాశమే రాలేదు. తర్వాత వాదించినవాళ్లంతా వారసులే.

చేపలు కొట్టే పెద్దాయన ఈ తగాదాలో మింకోవ్‌స్కీ వైపు సాక్షి. తెలియకుండానే. ఎలాగంటే, నీటి ఉపరితలం బల్లపరుపుగా ఉంటుంది. అది కాంతిని లాగితే కిందికి లాగాలి, నెడితే పైకి నెట్టాలి. పక్కకు నెట్టడానికి దానికి పట్టు లేదు. కాబట్టి కాంతికి ఉన్న పక్కవాటు ద్రవ్యవేగం నీళ్లలోకి దిగాక కూడా మారకూడదు. నీళ్లలో కాంతి మరింత నిటారుగా వంగుతుంది. నిటారుగా పోతూ కూడా పక్కవాటు తోపు అంతే ఉందంటే, మొత్తం తోపు పెరిగి ఉండాలి. లెక్క వేస్తే సరిగ్గా 133 వస్తుంది. న్యూటన్ కూడా ఇలాగే ఆలోచించి, అయితే నీళ్లలో కాంతి వేగం పెరుగుతుందన్నాడు. అక్కడ పొరపడ్డాడు. 1850లో ఫూకో కొలిచి, నీళ్లలో కాంతి వేగం తగ్గుతుందని తేల్చాడు. సుమారు ముప్పావు వంతుకు. వేగం తగ్గినా తోపు పెరిగిందా అని నాలాంటివాడు నోరు తెరుస్తాడు. మింకోవ్‌స్కీ లెక్క అదే చెబుతుంది.

అబ్రహాం వైపు వాదం కూడా అంతే గట్టిది. దీనికి శబరి మీద తెప్పనే ఊహించుకోండి. ఒక మనిషి పరిగెత్తుకొచ్చి తెప్ప మీదికి దూకి, అక్కడ నెమ్మదిగా నడిచి, అవతలి అంచు నుంచి మళ్లీ మొదటి వేగంతోనే దూకి పోయాడు. అతను నెమ్మదించినప్పుడు వదులుకున్న తోపు తెప్పకు వస్తుంది. తెప్ప ముందుకు కదులుతుంది. అతను దూకి వెళ్లిపోగానే ఆగుతుంది, అయితే మొదట ఉన్న చోటు నుంచి కాస్త ముందుకు జరిగి ఉంటుంది. కాంతి కూడా గాజు దిమ్మెలోకి వెళ్లి నెమ్మదించి, బయటికొచ్చి వేగం పుంజుకుంటుంది. శక్తికి ద్రవ్యరాశి ఉందన్న ఐన్‌స్టీన్ సూత్రం నిజమైతే, ఆలస్యమైన ఆ శక్తికి బదులుగా గాజు ముందుకు జరిగి తీరాలి. 1953లో బలాజ్ ఈ వాదాన్ని తిరుగులేకుండా పేర్చాడు. గాజు ముందుకు కదలాలంటే లోపల ఉన్నంతసేపూ కాంతి తన తోపులో కొంత దానికి ఇచ్చి ఉండాలి. అంటే కాంతి దగ్గర తగ్గింది. నీటి లెక్కలో అయితే 75.

ఇక ప్రయోగాలు. సాక్షులు వచ్చి కేసు తేలుస్తారనుకుంటే ఇక్కడ సాక్షులే కేసును పెంచారు. 1954లో స్కాట్లండ్‌లోని అబర్‌డీన్‌లో ఆర్.వి. జోన్స్, రిచర్డ్స్ అద్దాన్ని రకరకాల ద్రవాల్లో ముంచి, దాని మీద కాంతి తోపును కొలిచారు. ద్రవం వక్రీభవన గుణకం పెరిగినకొద్దీ తోపూ పెరిగింది. మింకోవ్‌స్కీకి ఒక ఓటు. (ఈ జోన్స్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు శాస్త్రీయ గూఢచర్యం నడిపిన మనిషి. హిట్లర్ విమానాలకు దారి చూపే రేడియో కిరణాలను పసిగట్టిన తర్వాత ఆయనకు కాంతి తోపు కొలవడం విశ్రాంతిలా ఉండి ఉంటుంది.) 1973లో బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఆష్కిన్, జీడ్జిక్ నీటి మీదికి లేజర్ కొట్టారు. నీటి ఉపరితలం లోపలికి నొక్కుకోలేదు, బయటికి ఉబ్బింది. కాంతి తోపు పెంచుకుని లోపలికి వెళ్తే, దానికి బదులుగా నీరు వెనక్కి, అంటే బయటికి రావాలి కదా. మింకోవ్‌స్కీకి మరో ఓటనుకున్నారు. ఏడాది తిరక్కుండానే అదే ల్యాబ్‌లోని గోర్డన్, ఆ ఉబ్బు కాంతి పుంజం అంచుల్లో నీటిని పక్కల నుంచి నొక్కే బలాల వల్ల వచ్చిందని, రెండు లెక్కలతోనూ దాన్ని వివరించవచ్చని చూపించాడు. ఓటు చెల్లలేదు. 1975లో వాకర్, లాహోజ్ బృందం బేరియం టైటనేట్ బిళ్లను వేలాడదీసి విద్యుత్, అయస్కాంత క్షేత్రాల్లో ఊపి చూస్తే అబ్రహాం చెప్పిన బలమే కనిపించింది. 2005లో అమెరికాలోని ఎం.ఐ.టి. బృందం అతిశీతల రుబీడియం పరమాణువుల మేఘంలోకి కాంతిని పంపి, పరమాణువు వెనక్కి తన్నుకున్న వేగం కొలిస్తే మింకోవ్‌స్కీ గెలిచాడు. 2008లో చైనా పరిశోధకులు వెంట్రుక కన్నా సన్నటి గాజు పోగు కొస నుంచి కాంతి బయటికొచ్చేటప్పుడు పోగు కదలికను చూసి అబ్రహాందే గెలుపన్నారు. ఆ ప్రయోగం మీద వెంటనే అభ్యంతరాలొచ్చాయి.

ఇందులో మనవాళ్లెవరూ లేరా అని మిత్రుణ్ని అడిగాను. తెలుగు పాఠకుడు అడగక మానని ప్రశ్న. ''సరిగ్గా ఈ తగాదాలో కాదు, పక్క వీధిలో ఉన్నాడు. నువ్వు నిలబడ్డ నదికి చుట్టమే'' అన్నాడు.

సూరి భగవంతం. నూజివీడు దగ్గర ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరాడు. రామన్ ఎఫెక్ట్ కనుగొన్న ఏడాది అదే. 1931లో, భగవంతానికి ఇరవై రెండేళ్లు నిండీనిండకుండానే, గురుశిష్యులు కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ఒక పత్రం అచ్చు వేశారు. ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగ నిరూపణ అన్నది దాని శీర్షిక. కాంతి ముందుకు నెట్టడమే కాదు, తిప్పగలదు కూడా అన్నది విషయం. కాంతి రేణువు తన చుట్టూ తాను బొంగరంలా తిరుగుతున్నట్టు ఒక కోణీయ ద్రవ్యవేగాన్ని మోసుకుపోతుందని వాళ్ల వాదన. బొంగరం ఎవరికీ కనపడదు. వాళ్లు చూసిందల్లా పారదర్శక పదార్థంలో చెదిరి బయటికొచ్చిన కాంతినే. అందులో అణువుల భ్రమణంతో రంగు మారిన భాగమెంత, మారని భాగమెంత, ధ్రువణం ఎంత చెడింది అని కొలిచారు. కాంతికి, తిరిగే అణువుకు మధ్య తిప్పుడు ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందనుకుంటేనే ఆ కొలతలు కుదురుతున్నాయన్నారు. అది పరోక్ష సాక్ష్యం. ప్రత్యక్ష సాక్ష్యం 1936లో అమెరికాలో వచ్చింది. బెత్ అనే శాస్త్రజ్ఞుడు పారదర్శకమైన క్వార్ట్జ్ పలకను సన్నటి పోగుకు వేలాడదీసి, వర్తుల ధ్రువణం చెందిన కాంతిని దాని గుండా పంపాడు. కాంతి పలకను దాటి వెళ్లిపోయింది, పలక మెలి తిరిగింది.

భగవంతం 1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం చెప్పాడు. తర్వాత ఉస్మానియాకు వైస్ చాన్సలర్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఈ పదవుల సంగతి అందరూ రాస్తారు. నాకు ఆసక్తి కలిగించింది ఆ వాల్తేరు కాలేజీ పేరు. జైపూర్ విక్రమ దేవ్ కాలేజ్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. కోరాపుట్ కొండల్లోని జయపురం మహారాజా విక్రమ దేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవాడు, ఆయన పేరే దానికి పెట్టారు. కొలాబ్ అన్న పేరుతో ఆ కోరాపుట్ కొండల్లో పుట్టిన నదే బస్తర్ అంచు వెంట ఒరుసుకుంటూ శబరి అయి, ఎర్రబోరు చుట్టుపక్కల నుంచి కుంట మీదుగా దిగి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ కొండల సొమ్ము కాంతి లెక్కలకు అందింది. అదే నది దిగువన ఒక పిల్లవాడికి కాంతి గురించి ప్రశ్న వచ్చింది. ఈ రెంటికీ కార్యకారణ సంబంధమేమీ లేదు, నాకు నచ్చి చెప్పానంతే. భగవంతం పేరు మాత్రం నా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చూసిన గుర్తు లేదు.

అబ్రహాం, మింకోవ్‌స్కీల తగాదాకు వద్దాం. చివరికి ఎవరు గెలిచారని అడిగితే మిత్రుడు, ''ఇద్దరూ కరెక్టే'' అన్నాడు. నాకు చిర్రెత్తింది. ఆ మాటను తప్పించుకోవడానికే నేను నది ఒడ్డుకు పోయాను. అది కూడా జవాబేనా అన్నాను. అతను నొచ్చుకోలేదు. ఆ మాట అనడానికి ముందు ఏం చెల్లించారో చూడమన్నాడు.

2010లో స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ బార్నెట్ చేసిన పని ఇది. ద్రవ్యవేగం అనే ఒకే పేరుతో మనం రెండు వేర్వేరు రాశులను పిలుస్తున్నాం అన్నాడాయన. వస్తువు ఎంత జోరుగా కదులుతుందన్న దానికి సంబంధించినది ఒకటి. తెప్ప జరగడం, గాజు జరగడం దీని పరిధిలోవి. అబ్రహాం లెక్కగట్టింది దీన్ని. తరంగం ఎంత దగ్గర దగ్గరగా అలలు వేస్తుందన్న దానికి సంబంధించినది రెండోది. నీళ్లలో కాంతి తరంగదైర్ఘ్యం ముప్పావు వంతుకు కుంచించుకుపోతుంది. తరంగదైర్ఘ్యం తగ్గితే ఈ ద్రవ్యవేగం పెరుగుతుంది. వక్రీభవనం, పరమాణువు తన్నుకోవడం దీని పరిధిలోవి. మింకోవ్‌స్కీ లెక్కగట్టింది దీన్ని. ఎవరి ప్రయోగం ఏ ప్రశ్న అడిగిందో ఆ జవాబే వచ్చింది.

ఇంతటితో ఆగితే అది మా విలేకరుల వాక్యానికి పెద్ద తేడా లేని జవాబే. బార్నెట్ ఆగలేదు. కాంతి ద్రవ్యవేగం రెండు రకాలైతే, గాజు ద్రవ్యవేగం కూడా రెండు రకాలు కావాలి. అబ్రహాం లెక్కలో కాంతి దగ్గర తగ్గిన 25 రూపాయలు నీటి ఖాతాలో కనపడాలి. మింకోవ్‌స్కీ లెక్కలో కాంతి దగ్గర పెరిగిన 33 రూపాయలు నీటి ఖాతాలో అప్పుగా కనపడాలి. రెండు పుస్తకాల్లోనూ కాంతినీ, నీటినీ కలిపి కూడితే అదే వంద రావాలి. వస్తుందని చూపించాడు. పైసా తేడా లేకుండా. వందేళ్లలో ఎక్కువమంది చేసిన పొరపాటు కాంతి ఖాతా ఒక్కటే తెరిచి చూసి, నీటి ఖాతా తెరవకపోవడం. చర్చ పూర్తిగా సద్దుమణిగిందని కాదు. పదార్థం లోపల ఏ బిందువు దగ్గర ఎంత బలం పడుతుందన్న దాని మీద ఇప్పటికీ పత్రాలు వస్తూనే ఉన్నాయి. మొత్తం కూడిక మీద మాత్రం పేచీ లేదు.

ఫోన్ పెట్టేశాక ఎర్రబోరు నోట్‌బుక్ మళ్లీ తీశాను. రెండు కథల్లోనూ ఎవరి దగ్గర ఎంత పోయిందో ఉంది. 2011లో సుప్రీం కోర్టు గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. అదీ ఉంది. కానీ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి, ఇటు తగ్గింది అటు ఎక్కడ తేలిందో పేరుపేరునా కూడిన కాగితం నాకు ఎవరూ చూపించలేదు. కాబట్టి ఇరుపక్షాల్లోనూ నిజముందన్న వాక్యం ఆ వ్యాసంలో రాయలేదు. ఎడిటర్ అడిగారు, లేదన్నాను.

రెండు నెలల తర్వాత మరో పని మీద అదే దారిలో వెళ్తూ కుర్రాణ్ని వెతికాను. తాత లేడు, మహువా గింజలు ఏరడానికి వెళ్లాడట. జవాబు తెచ్చానని చెప్పాను. నీళ్లకు దెబ్బ తగులుతుంది. పంజాబ్‌లో మొహాలీలోని ఐసర్ పరిశోధకులు 2015లో నీటి చుక్క మీద లేజర్ పంపి, నీళ్లు ఉబ్బడాన్ని కొలిచారు. కొన్ని నానోమీటర్ల ఎత్తు.

''అంటే ఎంత సారూ?''

నీ తల వెంట్రుక మందాన్ని ఎనభై వేల ముక్కలు చేస్తే అందులో ఒకటి ఒక నానోమీటర్ అవుతుందేమో అన్నాను. వాడు ఒక వెంట్రుక పీకి ఎండకు ఎత్తి పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

''మరి వాళ్లకెట్ల కనపడ్డది?''

కాంతితోనే కొలిచారని చెప్పాను. నీటి మీద తగిలి తిరిగొచ్చిన కాంతి ఇంకో కాంతితో కలిస్తే నల్లటి, తెల్లటి చారలు పడతాయి, నీళ్లు ఏమాత్రం లేచినా ఆ చారలు జరుగుతాయి.

''అయితే కొలిచే వెలుగు కూడా నీళ్లను నెడతది కదా?'' అన్నాడు.

విశాఖపట్నానికి మళ్లీ ఫోన్ చేయాలి.